సగం విరిగిన మామిడిచెట్టు మళ్లీ నిలబడుతుందా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది మందస మండలంలో ఒక పల్లె. మా పెరట్లో మా మావగారు టెంక పాతి పెంచిన నాటు మామిడి ఉంది. మాను చుట్టుకొలత ఆరడుగులు. మనిషి ఎత్తు దాటాక రెండు పంగలుగా చీలుతుంది. పోయిన నెల గాలివానకు ఒక పంగ విరిగి పడిపోయింది. పడుతూ పడుతూ మాను మీద బెరడు నాలుగడుగుల పొడవున, అడుగున్నర వెడల్పున ఒలుచుకుపోయింది. రెండో పంగ బాగానే ఉంది కానీ వంటింటి రేకుల వైపు వాలి ఉంటుంది. గాయంలో సిమెంటు పోయమని ఒకరు చెప్పారు. తల మొత్తం తీసేసి మోడు చేస్తే గుబురుగా చిగురిస్తుందని చెట్లు కొట్టే ఆయన అంటున్నాడు. పిల్లలమర్రికి పెట్టినట్టు సెలైన్ పెట్టిద్దామని మా మరిది. అత్తయ్య అయితే చెట్టు మీద చెయ్యి వేయొద్దంటున్నారు. ఈలోగా కలప వ్యాపారి ఒకాయన రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లాడు. మావారు చెన్నైలో ఉంటారు, ఇంట్లో నేను, అత్తయ్య, ఇద్దరు పిల్లలం. రాత్రి గాలి వీస్తే చాలు టెన్షన్‌తో నిద్ర పట్టదు. చెట్టు కోలుకుంటుందా? ఉంచితే ప్రమాదమా?

సమాధానం: అమ్మా, ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. చెట్టును పరీక్షించడం పూర్తయ్యేదాకా పిల్లల పడక వంటింటి వైపు కాకుండా ఇంటికి అవతలి పక్కకు మార్చండి. చెట్టుకు ఉయ్యాల ఉంటే ఇవాళే విప్పేయండి. చెట్టు కింద పశువులు, సైకిళ్లు, నీళ్ల డ్రమ్ము ఏదీ ఉంచకండి. పైకి చూసి, విరిగి పడకుండా వేరే కొమ్మల్లో చిక్కుకున్న ముక్కలు ఉన్నాయేమో గమనించండి. గాలి తగ్గిన వారానికో నెలకో అవి చప్పుడు లేకుండా జారి మీద పడతాయి. వాటిని తీయించడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. కరెంటు తీగ దగ్గరలో ఉంటే లైన్‌మేన్‌కి చెప్పి సరఫరా ఆపించాకే మనిషిని చెట్టెక్కించండి.

ఇక మీరు అడిగింది. అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. చెట్టు బతుకుతుందా అనేది ఒకటి. మీ ఇంటి పక్కన క్షేమంగా నిలబడుతుందా అనేది ఇంకొకటి. మొదటిదానికి దాదాపు ధైర్యంగా చెప్పగలను, బతుకుతుంది. రెండోదానికి ఉత్తరం చదివి జవాబు చెప్పలేను, మీరే ఒక పూట కూర్చుని చెట్టును చూడాలి. ఏం చూడాలో, ఏది కనిపిస్తే ఏం చేయాలో రాస్తాను.

బతుకుతుందని ఎందుకు అంటున్నానంటే, మామిడికి బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. పైనున్న కొమ్మ పోగానే అవి మేల్కొంటాయి. మీ ప్రాంతంలో తిత్లీ తుఫాను గుర్తున్న వాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం తోటల్లో తిరిగాను. మొవ్వు విరిగిన కొబ్బరిచెట్టు ఒక్కటీ మళ్లీ ఆకు వేయలేదు. కొబ్బరికి ఎదిగే చోటు ఒక్కటే, తల మధ్యలో ఉన్న మొవ్వు. అది పోతే మాను ఎంత గట్టిగా ఉన్నా చెట్టు లేనట్టే. అదే ఊళ్లో, అదే గాలికి సగం తల పోయిన మామిళ్లు, పనసలు, జీడిచెట్లు నెల తిరిగేసరికి మాను మీదే ఎర్రటి చిగుళ్లు, పచ్చటి చిగుళ్లు వేశాయి. మీ చెట్టుకు ఒక పంగ నిండా ఆకు ఉంది, ఒలిచిన బెరడు చుట్టుకొలతలో నాలుగో వంతే. ఇంత దెబ్బ మామిడి తట్టుకుంటుంది. బెరడు సగం చుట్టూ పోయి ఉంటే ఈ మాట రాసేవాణ్ణి కాదు.

కానీ బతకడమంటే గాయం మానడం కాదు. మన చేతికి గాయమైతే పాత చర్మం స్థానంలో కొత్త చర్మం వస్తుంది. చెట్టుకు అలా రాదు. దెబ్బతిన్న చెక్క ఎప్పటికీ దెబ్బతిన్న చెక్కే. చెట్టు చేసేదల్లా ఆ భాగానికి చుట్టూ గోడ కట్టి, కుళ్లు ఇవతలికి రాకుండా ఆపి, బయట కొత్త చెక్క పెంచుకుంటూ పోవడం. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లను నిలువునా కోయించి చూసి ఈ సంగతి నిర్ధారించాడు. ఆయన చెప్పినదాంట్లో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. గాయం అయిన రోజున ఉన్న చెక్కలోకి కుళ్లు పాకవచ్చు, ఆ తర్వాత పెరిగిన కొత్త చెక్కలోకి సాధారణంగా రాలేదు. అంటే మీ చెట్టు ఇకపై వేసుకునే ప్రతి ఏటి చెక్కా దానికి కొత్త బలం. ఆ చెక్క వేసుకోవడానికి తిండి కావాలి. తిండి వండేది ఆకు. అందుకే దెబ్బతిన్న చెట్టుకు మిగిలిన ఆకు తీసేయమని ఎవరు చెప్పినా వినకండి.

ఇప్పుడు చూడాల్సినవి. మొదట పైకి కాదు, కిందకి చూడండి. పెద్ద చెట్లు ఇళ్ల మీద పడేటప్పుడు చాలాసార్లు మాను విరగదు, వేళ్లతో సహా లేస్తాయి. మామిడికి తల్లివేరు లోతుగా వెళ్లినా, గాలికి చెట్టును పట్టి ఉంచే పక్కవేళ్లు చాలావరకు పైమట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుని ఉంటాయి. మాను చుట్టూ పది అడుగుల దాకా ఆకులు, చెత్త ఊడ్చి నేల చూడండి. ఒక పక్క మట్టి వంపుగా పగిలి బీట వారిందా? ఒక పక్క నేల కాస్త ఉబ్బి, రెండో పక్క మాను మట్టిలోకి నొక్కుకున్నట్టు ఉందా? పైకి తేలిన వేళ్లు ఏవైనా తెగి ఉన్నాయా? అన్నిటికంటే ముఖ్యం, మాను పోయిన నెల గాలివానకు ముందుకంటే ఇప్పుడు ఎక్కువ వాలిందా? ఇది అత్తయ్యను అడగండి. ఏళ్ల తరబడి ఆ చెట్టును రోజూ చూసిన కళ్లు ఆవిడవి. పాత ఫొటోల్లో పెరడు కనిపిస్తే పక్కన పెట్టి పోల్చండి. ఒక గాలి రోజున దూరంగా నిలబడి మాను మొదట్లో మట్టి కదులుతోందేమో గమనించండి.

మట్టి కదిలితే, కొత్తగా వాలితే, నా సలహా ఒక్కటే. ఆ చెట్టును తీయించేయండి. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. చిన్న మొక్కయితే లేపి కర్ర కట్టి మట్టి తొక్కితే మళ్లీ పట్టుకుంటుంది. ఆరడుగుల మానును ఎవరూ లేపి నిలబెట్టలేరు, తాడు కట్టి లాగితే మిగిలిన వేళ్లు కూడా తెగుతాయి. వంటింటి పక్కన అలాంటి చెట్టుతో వచ్చే అక్టోబరు దాకా గడపమని నేను చెప్పను.

నేల గట్టిగా ఉంటే మాను దగ్గరకు రండి. చెక్క సుత్తితోనో, రోకలి బండతోనో మాను చుట్టూ తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చెక్క టక్కుమంటుంది, బోలుగా ఉన్నచోట డప్పులాగా మోగుతుంది. పాత తొర్ర ఉంటే సన్నటి ఇనుప చువ్వ మెల్లగా లోపలికి పెట్టి గట్టి చెక్క ఎక్కడ తగులుతుందో కొలవండి. బోలు ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు, వెదురు బోలుగా ఉండీ గాలికి నిలబడుతుంది. అనుభవం మీద వాడే లెక్క ఒకటుంది. మాను వ్యాసార్ధంలో కనీసం మూడో వంతు మందాన చుట్టూ గట్టి చెక్క ఉండాలి. మీ మాను చుట్టుకొలత ఆరడుగులంటే వ్యాసార్ధం పదకొండు అంగుళాల పైన. అంటే చుట్టూ నాలుగు అంగుళాల గట్టి చెక్క ఉండాలి. గాయం ఒక పక్క తెరుచుకుని ఉంది కాబట్టి మీ చెట్టుకు ఇంకాస్త ఎక్కువే ఉంటే మంచిది. మాను మొదట్లో గట్టిగా, గిన్నె మూతల్లా అతుక్కున్న పుట్టగొడుగులు కనిపిస్తే మాత్రం లోపల కుళ్లు చాలా దూరం వెళ్లిందని అర్థం.

తర్వాత పంగ. మిగిలిన పంగ మానుతో కలిసే చోట పైనుంచి కిందకి సన్నటి చీలిక ఉందేమో నిచ్చెన వేయించి దగ్గరగా చూపించండి. రెండు పంగల మధ్య బెరడు లోపలికి ముడుచుకుని పెరిగిన చెట్లు అక్కడే చీలుతాయి. మీ చెట్టుకు ఒక పంగ విరిగింది కూడా బహుశా అందుకే. రెండో పంగ మొదట్లో చీలిక మాను లోపలికి దిగి ఉంటే ఆ పంగను నమ్మకండి. చీలిక లేకపోతే చెట్టును ఉంచుకోవచ్చు, ఒక షరతు మీద. దాని బరువు తగ్గించాలి.

ఇక్కడే ఆ చెట్లు కొట్టే ఆయన మాట గురించి గట్టిగా చెప్పాలి. తల మొత్తం తీసేసి మోడు చేస్తే నిజంగానే గుబురుగా చిగురిస్తుంది. చూడ్డానికి చెట్టు కోలుకున్నట్టే ఉంటుంది. టెక్కలి దగ్గర మా అత్తవారి ఇంటి ముందు పెద్ద వేపచెట్టు ఉండేది. తిత్లీకి రెండు కొమ్మలు విరిగితే, పిలిపించిన మనిషి మిగిలినవన్నీ ఒకే ఎత్తులో నరికేశాడు. నేను ఆ రోజు ఊళ్లో లేను. వచ్చాక చూసి బాధపడ్డాను కానీ ఏడాదికల్లా గొడుగులా చిగురించేసరికి నేనూ ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి ఆ కొత్త కొమ్మలే, మణికట్టంత లావైనవి, వరసపెట్టి ఊడి పడ్డాయి. ఊడిన చోట చూస్తే మోడు తలలో చెయ్యి పట్టేంత కుళ్లు. అలా వచ్చిన చిగుళ్లు బెరడు కిందే అతుక్కుని మొలుస్తాయి, మామూలు కొమ్మలా మాను లోపలి నుంచి పుట్టవు. వేగంగా పొడుగవుతాయి, మొదట్లో పట్టు ఉండదు. పైగా పెద్ద పెద్ద కోతలను చెట్టు మూసుకోలేదు, ఆ వైశాల్యమంతా కుళ్లుకు తలుపులు తెరిచినట్టే. మీ పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి ఇప్పటికంటే ప్రమాదమైన చెట్టు తయారవుతుంది.

బరువు తగ్గించడం అంటే నేను చెప్పేది వేరు. వంటింటి వైపు సాగిన కొమ్మల చివరల నుంచి ఐదారు అడుగులు వెనక్కి రావాలి. కోసే చోటు మధ్యలో ఎక్కడో కాదు, పక్కకు వెళ్లే ఒక కొమ్మ దగ్గర ఆగాలి. ఆ పక్క కొమ్మ కోసిన కొమ్మ లావులో మూడో వంతైనా ఉండాలి, అప్పుడే అది కొత్త చివరగా పని చేస్తుంది. ఒకేసారి మొత్తం ఆకులో నాలుగో వంతు మించి పోకూడదు. ఇంటి మీదకు వచ్చినవి ఇప్పుడు తీయించండి, మిగతా పని జూన్‌లో కాయ దిగాక చేయించండి. చివర్లో తగ్గించిన కొద్ది బరువే పంగ మొదట్లో పడే భారాన్ని చాలా తగ్గిస్తుంది. బిందెను చేతికి దగ్గరగా పట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా అది. ఈ ఏడు ఆ పంగ మీద కాయ ఎక్కువ నిలవనీయకండి, పిందెలు నిమ్మకాయంత అయ్యేసరికి సగం పైగా కోసి పచ్చడికి వాడేయండి.

కొమ్మ కోసేటప్పుడు మొదట కొమ్మ కింది వైపు మూడో వంతు లోతు గాటు పెట్టాలి, దానికి కాస్త అవతల పైనుంచి కోయాలి, బరువు దిగిపోయాక మిగిలిన ముక్కను చివరగా తీయాలి. లేకపోతే కొమ్మ తన బరువుకు బెరడు ఒలుచుకుంటూ దిగుతుంది, ఇప్పుడు మీ మాను మీద జరిగినట్టే. కొమ్మ పుట్టిన చోట ఉబ్బెత్తుగా చుట్టు ఉంటుంది, దాన్ని వదిలి కోయమనండి. గాయం మూసుకునే శక్తి ఆ చుట్టులోనే ఉంది. గొడ్డలి వద్దు, రంపమే వాడాలి.

ఒలిచిన బెరడు మళ్లీ అతకదు. గాలివాన వచ్చిన రోజే తడిగా ఉండగా నొక్కి కట్టి ఉంటే కొంత అతుక్కునేదేమో, నెల దాటింది. ఇప్పుడు అంచులను గోటితో గీకి చూడండి, పచ్చగా తడిగా ఉన్నంతవరకు బతికున్న బెరడు. వేలాడే ఎండిన పొట్టును పదునైన కత్తితో పచ్చ అంచు దాకా మాత్రమే తీయండి, గాయం పెద్దది చేయకండి. విరిగిన పంగ మొండెం దగ్గర లేచిన పేళ్లను నీరు నిలవకుండా రంపంతో నున్నగా కోయించండి.

సిమెంటు పోయకండి, తారు పూయకండి. సిమెంటు చెట్టుతో పాటు ఊగదు, పెరగదు, దాని వెనక తడి చేరి కుళ్లు పెరుగుతుంది. పైగా తర్వాత రంపం వేయాల్సి వస్తే మనిషికి ప్రమాదం. తోటల్లో మేం వాడేది బోర్డో పేస్టు. వంద గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, వంద గ్రాముల సున్నం మరో అర లీటరులో విడిగా కలిపి, తర్వాత రెండూ ప్లాస్టిక్ బకెట్లో కలపాలి. ఇనుప, అల్యూమినియం గిన్నెలు పనికిరావు. శుభ్రమైన ఇనుప కత్తి ఆ మిశ్రమంలో కాసేపు ముంచి తీయండి, ఎర్రగా రాగి పూత పడితే ఇంకాస్త సున్నం కలపండి. దీన్ని కోతల మీద కుంచెతో పూస్తే కొన్ని నెలలు బూజు చేరకుండా చూస్తుంది. గాయాన్ని మాన్పే మందు మాత్రం కాదు. నీడ పోయి కొత్తగా ఎండ పడుతున్న మాను భాగానికి పల్చటి సున్నం వేయండి, లేకపోతే వేసవిలో బెరడు కమిలి పగులుతుంది.

సెలైన్ గురించి మీ మరిదికి చెప్పండి. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి సీసాలు వేలాడదీసి ఎక్కించింది బలం మందు కాదు, చెదలు చంపే మందు. అక్కడి చెట్టును చెద తినేస్తోంది. బరువైన కొమ్మలకు కింద దిమ్మెలు కట్టి ఊతం కూడా ఇచ్చారు. మీ చెట్టుకు చెద లేకపోతే మానుకు రంధ్రాలు పెట్టడం కొత్త గాయాలు చేయడమే.

మీ చెట్టుకు ఉన్న అసలు శత్రువు కాండం తొలిచే పురుగు. పెద్ద మీసాల పెంకుపురుగు ఒకటి దెబ్బతిన్న మామిళ్లను వెతుక్కుంటూ వచ్చి బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది, దాని పిల్లపురుగు మాను లోపల సొరంగం తవ్వుతుంది. నెలకోసారి గాయం చుట్టూ, మాను మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలుతోందేమో చూడండి. కనిపిస్తే ఆ రంధ్రంలోకి కొక్కెం వంచిన తీగ పెట్టి పురుగును లాగేయాలి, తర్వాత పెట్రోలులో ముంచిన దూది పెట్టి బంకమట్టితో మూసేయాలి. ఒక్క పురుగు వదిలేసినా ఏడాదిలో మిగిలిన పంగను బలహీనం చేయగలదు కాబట్టి ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి.

ఎరువు ఇప్పుడే గుమ్మరించకండి. ఆకు తగ్గిన చెట్టు యూరియాకు లేత చిగుళ్లు విపరీతంగా వేసి నిల్వ చేసుకున్న పిండి పదార్థాన్ని ఖర్చు పెట్టుకుంటుంది. పాదు మీద మానుకు ఆనకుండా ఎండాకు పరచండి. మీ వైపు నేల ఇసుక పాలు ఎక్కువ, నీరు త్వరగా దిగిపోతుంది. ఎండాకాలం పది రోజులకోసారి నీడ అంచు దాకా తడి అందేలా పెట్టండి. మాను మీద వచ్చిన చిగుళ్లను మొదటి ఏడాది ఒక్కటీ తుంచొద్దు. రెండో ఏడు, విరిగిన పంగ ఉన్న వైపు బయటికి ఎదిగే రెండు మూడు బలమైనవి ఉంచి, వాటి మధ్య దూరం ఉండేలా చూసి, మిగతావి తీసేయండి. వాటిని కూడా చివర్లు కత్తిరిస్తూ పొట్టిగా, లావుగా పెరగనివ్వాలి. వేప దగ్గర మేం చేయనిది అదే.

వీటన్నిటి తర్వాత కూడా చెట్టు తీయాల్సి వస్తే వ్యాపారి మాట మీద తొందరపడకండి. ఆంధ్రప్రదేశ్‌లో నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం ఉంది. పెరట్లో చెట్టయినా అనుమతి సంగతి గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోండి. చెట్టు చూడమని ఉద్యాన సహాయకుణ్ణి కూడా అక్కడే పిలవండి. రంపం పని తెలిసినవాణ్ణి పెట్టి ముక్కలు ముక్కలుగా తాడుతో దింపించాలి, ఒక్కసారిగా పడగొట్టనివ్వకండి. మీ వంటిల్లు పక్కనే ఉంది.

చెట్టు ఉన్నా, పోయినా ఒక పని మాత్రం వచ్చే జూలైలో చేయించండి. టెంక నుంచి వచ్చిన నాటు చెట్టు కాబట్టి దాని రుచి ఇంకో చెట్టుకు ఉండదు, దాని టెంక పాతినా అదే కాయ వస్తుందని లేదు. అదే కాయ కావాలంటే అంటు కట్టడమే దారి. బాగున్న పంగ నుంచి పెన్సిలంత లావు, ముదిరిన కొమ్మలు కోసి దగ్గరి నర్సరీలో రెండు అంట్లు కట్టించమని ఇవ్వండి. చెట్టు తీయాల్సి వస్తే దాన్ని కొట్టక ముందే కొమ్మలు తీసుకోవాలి, మరిచిపోకండి. ఒక అంటును ఇంటికి కనీసం ముప్పై అడుగుల దూరాన పెట్టండి, రెండోది పొలం గట్టున. గుంట ఎక్కడ తవ్వాలో అత్తయ్యనే చూపించమనండి.